ఐ.పి. నోటీసు వచ్చినంత మాత్రాన అప్పు పోదు

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో మా ఇంటికి సబ్ కోర్టు నుంచి ఒక నోటీసు వచ్చింది. మాది పాలకొల్లు దగ్గర కాలవ గట్టున ఉన్న చిన్న ఊరు. కోర్టు కాగితం ఇంటి గడప తొక్కడమే పరువు తక్కువగా అనుకునే కాలం అది. నోటీసుకు కుట్టిన జాబితాలో నలభైకి పైగా పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా బాకీ మొత్తం ఉన్నాయి. నాన్నగారు 31వ ప్రతివాది. రెండు సార్వాల (ఖరీఫ్ పంటల) ధాన్యం తోలించుకుని ప్రోనోటు రాసిచ్చిన వ్యాపారి దివాలా పిటిషన్ వేశాడు. మా వైపు మాటలో చెప్పాలంటే ఐ.పి. పెట్టాడు.

అతని పొలం కూతురి పేరిట, మేడ భార్య పేరిట ఎప్పుడో మారిపోయాయని ఊరందరికీ తెలుసు. "ఐ.పి. పెట్టాక ఇక వచ్చేదేముంది? వకీలు ఖర్చు కూడా దండగ" అని నాన్నగారు ఆ నోటీసును మడిచి, ప్రోనోటుతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టేశారు. జాబితాలోని మిగతావారిలోనూ చాలామంది అదే పని చేశారు.

తర్వాత నేను న్యాయవాదినై సివిల్ కోర్టుల్లో తిరుగుతున్న ఇన్నేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రొయ్యల మేత బాకీ పడినా, చీటీల పాట మునిగినా, బంగారం కొట్టు మూతపడినా అందరి నోటా ఒకటే మాట: ఐ.పి. పెట్టాడు, ఇక అంతే. చట్టం చదివితే కనిపించేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బాకీదారు ఆస్తిని ఇంట్లోవాళ్ళకు రాసేసి ఐ.పి. పెడితే, ఆ రాతలను తిరగదోడడానికి అప్పిచ్చినవాళ్ళకు ఉన్న అతి బలమైన ఆయుధం ఆ ఐ.పి.తోనే చేతికొస్తుంది. దాన్ని అందుకునేవాళ్ళే ఉండరు.

ఈ విషయంలో మనకు రెండు చట్టాలున్నాయి. చిత్రంగా రెండింటిలోనూ అసలు సెక్షన్ 53వదే. అందుకే మాట్లాడేటప్పుడు ప్లీడర్లు కూడా ఒక్కోసారి దీన్ని దానితో కలిపేస్తుంటారు.

మొదటిది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అప్పిచ్చినవారికి డబ్బు అందకుండా చేయాలనో, ఆలస్యం చేయాలనో స్థిరాస్తిని బదిలీ చేస్తే, దెబ్బతిన్న ఏ ఋణదాత అయినా దాన్ని రద్దు చేయించవచ్చు అంటుంది అందులోని 53వ సెక్షన్. దీనికి దివాలాతో పనిలేదు. బాకీదారు ఐ.పి. పెట్టకపోయినా దావా వేయవచ్చు. అయితే ఆ దావా నా ఒక్కడి బాకీ కోసం అంటే కుదరదు. ఋణదాతలందరి తరఫున, అందరి ప్రయోజనం కోసం వేయాలి. ఇప్పటికే డిక్రీ ఉండి ఆస్తిని జప్తు చేయించినప్పుడు, "ఇది నాకు రాసిచ్చిన ఆస్తి" అంటూ బాకీదారు బంధువు కోర్టుకొస్తే, ఆ రాత మోసపూరితమని జవాబుగా వాదించడానికి మాత్రం అందరి తరఫున దావా అక్కర్లేదు. ఈ మాట సుప్రీంకోర్టు 1962లోనే తేల్చి చెప్పింది.

ఇక్కడ ఒక ముడి విప్పాలి. ఇలాంటి దస్తావేజు పుట్టుకతోనే చెల్లనిది కాదు, రద్దు చేయదగినది. ఈ రెండింటికీ మధ్య తేడా చాలా ఉంది. పుట్టుకతోనే చెల్లని కాగితమైతే ఎవరూ ఏమీ చేయకపోయినా అది చెల్లదు. రద్దు చేయదగిన కాగితం ఎవరో ఒకరు కోర్టుకెళ్ళి అడిగేవరకూ నిక్షేపంగా చెల్లుతూనే ఉంటుంది. రాసిచ్చినవాడికీ రాయించుకున్నవాడికీ మధ్య అయితే ఎప్పటికీ చెల్లుతుంది. ఋణదాతలకు చేరాల్సింది చేరాక ఆస్తి మిగిలితే ఆ మిగులు కూడా రాయించుకున్నవాడిదే. "మోసం అని అందరికీ తెలుసు కదా" అని చేతులు కట్టుకుని కూర్చుంటే ఏళ్ళు గడిచేకొద్దీ బలపడేది ఆ కాగితమే.

మరి ఉద్దేశాన్ని రుజువు చేయడం ఎలా? మనసులో ఉన్నదాన్ని ఎవరూ దస్తావేజులో రాసుకోరు. దీనికి కోర్టులు వెతుక్కున్న దారి నాలుగు వందల ఏళ్ళ నాటిది. మన సెక్షన్‌కు మూలం ఎలిజబెత్ రాణి కాలంలో, 1571లో వచ్చిన ఇంగ్లండ్ చట్టం. దాని కింద 1601లో తేలిన ట్వైన్ కేసును ఇప్పటికీ లా కాలేజీల్లో చెబుతారు. పియర్స్ అనే ఆసామి ట్వైన్‌కు 400 పౌండ్లు, మరొకరికి 200 పౌండ్లు బాకీ. ఆ రెండో వ్యక్తి దావా నడుస్తుండగా పియర్స్ 300 పౌండ్ల విలువైన తన సొత్తంతా ట్వైన్‌కు గుట్టుగా రాసిచ్చేశాడు. ట్వైన్‌కు నిజంగానే బాకీ ఉంది కాబట్టి కాగితం వరకు తప్పు పట్టడానికేమీ లేదు. కానీ రాసిచ్చాక కూడా గొర్రెలు పియర్స్ దగ్గరే ఉన్నాయి. వాటి ఉన్ని కత్తిరించుకున్నది అతనే. వాటి మీద వేసిన గుర్తు కూడా అతనిదే. న్యాయమూర్తులు పట్టుకున్నది ఆ గుర్తునే.

డెల్టాలో గొర్రెల బదులు చెరువులూ చేలూ ఉంటాయి, పరీక్ష మాత్రం అదే. ఉండి దగ్గర ఆరెకరాల రొయ్యల చెరువును ఒకాయన బావమరిది పేరిట మార్చాడనుకుందాం. మార్చాక మేత బస్తాల లోడు ఎవరి పేరిట దిగుతోంది? ఏరియేటర్ల కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు కనపడిందని అర్ధరాత్రి కాపలావాడు ఫోను చేస్తే ఎవరు లేచి పరిగెత్తుకొస్తున్నారు? చెరువు పట్టే రోజున కాటా దగ్గర నిలబడి డబ్బు తీసుకుంటున్నదెవరు? వరి చేనైతే మక్తా ధాన్యం ఎవరి అరుగు మీదకు వస్తోంది, నీటి తీరువా రసీదు ఎవరి దగ్గరుంది అని చూడాలి. కోనసీమ కొబ్బరి తోటైతే కాయ దింపు సొమ్ము ఎవరికి చేరుతోందో అడగాలి. కాగితం మారి మనిషి మారలేదంటే అదే పియర్స్ గొర్రె మీది గుర్తు. దీనికి తోడు తీసుకున్నవాడు దగ్గరి చుట్టమై ఉండడం, లాయరు నోటీసు అందిన వారంలోనే దస్తావేజు పుట్టడం, ఉన్న ఆస్తంతా ఒకే రోజు రాసేయడం, చెల్లింపుకు ఆధారం లేకపోవడం వంటివి కలిస్తే కోర్టుకు ఉద్దేశం అర్థమవుతుంది. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు. బావమరిదికి అమ్మడం నేరం కాదు.

ఇక్కడ అప్పిచ్చినవారికి ఒక హెచ్చరిక. తగిన ధర చెల్లించి, బాకీదారు ఎత్తుగడ తెలియకుండా నిజాయితీగా కొన్నవాడిని చట్టం ముట్టుకోదు. ముట్టుకోకూడదు కూడా. అలాగే నలుగురు ఋణదాతలుండగా ఒకరి నిజమైన బాకీ ముందు తీర్చడం ఈ సెక్షన్ కింద మోసం కాదని అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ 1915లోనే చెప్పింది. ఆ ఫిర్యాదుకు చోటు దివాలా చట్టంలో ఉంది.

ఇక రెండోది, డెల్టా జనానికి ఎక్కువగా కావలసినది, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అంటారు. వచ్చింది. కానీ అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని కంపెనీలకు హామీ ఉన్నవారి వరకే, 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. కాబట్టి ధాన్యం వ్యాపారి, ఆక్వా రైతు, కిరాణా కొట్టు యజమాని, జీతగాడు ఐ.పి. పెడితే నేటికీ వర్తించేది ఆ నూరేళ్ళు దాటిన చట్టమే.

అందులోని 53వ సెక్షన్ మాటలు చాలా కటువుగా ఉంటాయి. ఆస్తి బదిలీ చేసిన తేదీ నుంచి రెండేళ్ళ లోపు దాఖలైన పిటిషన్ మీద ఆ వ్యక్తిని దివాలాదారుగా ప్రకటిస్తే, ఆ బదిలీని కోర్టు రద్దు చేయవచ్చు. మినహాయింపులు రెండే. ఒకటి, నిజాయితీగానూ విలువైన ప్రతిఫలానికీ కొన్నవారు, తాకట్టు పట్టినవారు. రెండోది పెళ్ళి సంగతి, దానికి మళ్ళీ వస్తాను. ఈ సెక్షన్‌లో ఎగవేసే ఉద్దేశం అన్న మాటే లేదని గమనించండి. నిజాయితీ ఉండాలి, ప్రతిఫలమూ ఉండాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే చాలదు. కూతురికి ఏ పాపమూ తెలియకపోయినా, తండ్రి దానంగా రాసిన పొలానికి ఆమె పైసా ఇవ్వలేదు కాబట్టి ఈ రెండేళ్ళ లోపు అది నిలవడం కష్టం. అమ్మకమైతే అందులో నిజాయితీ లేదనో, ప్రతిఫలం లేదనో చూపించే మొదటి భారం రిసీవరు మీద, అంటే దివాలాదారు ఆస్తిని చూసుకోవడానికి కోర్టు నియమించే అధికారి మీద ఉంటుంది. దానపత్రమైతే ఆ పని దస్తావేజే చేసి పెడుతుంది. ప్రేమాభిమానాలతో ఇస్తున్నానని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది కదా.

ఇప్పుడు పెళ్ళి. పెళ్ళికి ముందు, ఆ పెళ్ళి నిమిత్తంగా చేసిన బదిలీకి ఈ సెక్షన్ వర్తించదు. మన ప్రాంతంలో పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు పొలం ఇవ్వడం తరతరాల ఆచారం కావడంతో ఐ.పి. కేసుల్లో ఎక్కువ వాదనలు ఇక్కడే నడుస్తాయి. పెళ్ళయి ఎనిమిదేళ్ళు గడిచాక, వ్యాపారం కుదేలయిన ఏడాదిలో ఒక దస్తావేజు పుడుతుంది. అందులో "నీ వివాహ సమయమున పసుపు కుంకుమ నిమిత్తం ఇచ్చెదనని వాగ్దానము చేసియున్న భూమి" అని రాసి ఉంటుంది. నిజంగానే మాట ఇచ్చి, పొలం అప్పటినుంచే అల్లుడి సాగులో పెట్టి, కాగితం రాయడం వాయిదా వేసిన తండ్రులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆ వాక్యాన్ని అరువు తెచ్చుకుని రాయించేవాళ్ళూ ఉన్నారు. కాగితం మీద ఇద్దరి భాషా ఒకటే. తేడా తెలిసేది బయటి సాక్ష్యంలోనే. లగ్నపత్రిక నాడు ఎవరెవరున్నారు, ఈ ఎనిమిదేళ్ళ ఫలసాయం ఎవరు తిన్నారు, మధ్యలో తండ్రి అదే పొలాన్ని బ్యాంకులో తన పేరిట పెట్టి పంట రుణం తీసుకున్నాడా? ఈ చివరి ప్రశ్నకు జవాబు ఈసీలోనో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), బ్యాంకు కాగితాల్లోనో దొరుకుతుంది. నా వరకు ఆడపిల్ల హక్కును తేలిగ్గా తీసిపారేయడం ఇష్టం ఉండదు. కానీ చట్టం పెట్టిన మినహాయింపు పెళ్ళికి ముందు చేసిన బదిలీకే. తర్వాత రాసినదాన్ని నిలబెట్టుకోవాలంటే ఆ మాట వెనక నిజం ఉందని చూపించుకోవలసిందే.

మనమే తెచ్చిపెట్టుకున్న చిక్కు ఒకటుంది. మన దగ్గర క్రయ దస్తావేజులో రాసే ధర చాలాసార్లు ప్రభుత్వ విలువ దగ్గర ఆగిపోతుంది. మిగతాది చేతి నుంచి చేతికి మారుతుంది. ఆ అమ్మినవాడు ఏడాది తిరక్కుండా ఐ.పి. పెడితే అందరికంటే ముందు నలిగేది నిజంగా పూర్తి డబ్బు ఇచ్చి కొన్న మనిషే. దస్తావేజులో కనిపించేది బజారు ధరలో సగమో, మూడో వంతో. తక్కువ విలువకు అమ్మాడన్న అనుమానానికి ఆ కాగితమే సాక్ష్యమవుతుంది. మిగతా డబ్బు ఇచ్చానని చెప్పుకోవాలంటే మరో తప్పు ఒప్పుకోవాలి. మోసగాడి బినామీ, కష్టార్జితంతో కొన్న రైతు కోర్టు కంటికి ఒకేలా కనిపించే దుస్థితి ఇది. కొనేవారికి నేను చెప్పేది ఒకటే. ఇచ్చిన ప్రతి రూపాయీ దస్తావేజులో ఉండనివ్వండి, బ్యాంకు ద్వారా వెళ్ళనివ్వండి.

పక్కనే ఉన్న 54వ సెక్షన్ గురించి క్లుప్తంగా చెబుతాను. మునుగుతున్న బాకీదారు నలభైమందిలో తనవాడైన ఒక్కడికి మాత్రం, మిగతావారి కంటే మేలు చేయాలని బాకీ తీర్చినా, ఆస్తి రాసిచ్చినా, ఆ తర్వాత మూడు నెలల లోపు పిటిషన్ పడితే దాన్ని కూడా తిరగదోడవచ్చు.

పిటిషన్ తేదీ ఇంత ముఖ్యమైనప్పుడు బాకీదారు తెలివైనవాడైతే రెండేళ్ళు కాలక్షేపం చేసి అప్పుడు ఐ.పి. పెడతాడు కదా అనే సందేహం రావాలి. వడ్డీ కింద అప్పుడప్పుడూ కొంత కడుతూ, ప్రోనోటు వెనక చెల్లు రాస్తూ, రేపిస్తాను, దాళ్వా (రెండో పంట) రానివ్వండి అని నెట్టుకొచ్చేది సరిగ్గా ఇందుకే. దీనికి విరుగుడు కూడా ఆ చట్టంలోనే ఉంది. ఐ.పి. అంటే బాకీదారే వేస్తాడని మనవాళ్ళు అనుకుంటారు. అప్పిచ్చినవారు కూడా వేయవచ్చు. ఋణదాతలను ఎగవేయడానికి ఆస్తి బదిలీ చేయడం, వారికి చిక్కకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోవడం వంటివి 6వ సెక్షన్ ప్రకారం దివాలా చర్యలు. అలాంటి చర్య జరిగిన మూడు నెలల లోపు ఋణదాత పిటిషన్ వేయాలి. కేంద్ర చట్టంలో దీనికి పెట్టిన కనీస బాకీ 500 రూపాయలు. 1920 నాటి అంకె అది. అంటే దానపత్రం రిజిస్టరైన నాటి నుంచి మనకు తొంభై రోజుల చిల్లర మాత్రమే ఉంది. పెద్ద మొత్తం బయట ఉన్నవాళ్ళు బాకీదారు సర్వే నంబర్ల మీద అప్పుడప్పుడూ ఈసీ తీయించమని నేను చెప్పేది అందుకే. స్థిరాస్తి దానం రిజిస్టరు కాకుండా చెల్లదు కాబట్టి అది ఈసీకి ఎక్కక తప్పదు. ఇంకా ఏమీ రాయలేదు, రాయబోతున్నాడని ఆధారం దొరికితే, బాకీ దావాతో పాటే తీర్పుకు ముందు జప్తు కోరవచ్చు. జప్తయ్యాక చేసిన అమ్మకం ఆ జప్తును దాటలేదు.

సరే, నోటీసు వచ్చింది. ఏం చేయాలి?

ముందు వాయిదాకు హాజరు కావాలి. ప్రతివాదులు రాకపోతే పిటిషన్ ఏకపక్షంగా నడిచిపోతుంది. జాబితాలో బాకీదారు తన ఆస్తులని ఏం రాశాడో చూసుకోవాలి. చాలా పిటిషన్లలో కట్టుబట్టలూ వంటపాత్రలూ తప్ప ఏమీ కనిపించవు. కోర్టు దివాలాదారుగా ప్రకటించగానే అతని ఆస్తి కోర్టుకు గానీ రిసీవరుకు గానీ దఖలు పడుతుంది. ఆ ప్రభావం పిటిషన్ వేసిన తేదీకి వెనక్కి వెళ్ళి తగులుతుంది. ఆ తర్వాత ప్రతి ఋణదాతా తన బాకీని రుజువు చేసుకోవాలి. రుజువు చేసుకోనివాడికి పంపకంలో వాటా రాదు, నోరూ ఉండదు. పాత దస్తావేజుల రద్దుకు పిటిషన్ వేయవలసింది మామూలుగా రిసీవరు. ఆయనకు ఊరి సంగతులు తెలియవు. ఈసీ నకళ్ళు, దానపత్రం నకలు, కౌలు సాక్షుల పేర్లు రాతపూర్వకంగా ఇచ్చి అడగాలి. ఆయన కాదంటే ఆ సంగతి కోర్టుకు చూపించి, అనుమతి తీసుకుని, బాకీ రుజువు చేసుకున్న ఋణదాతే వేయవచ్చని 54ఏ సెక్షన్ చెబుతోంది. పదిమంది కలిసి ఒక వకీలును పెట్టుకుంటే ఖర్చు భరించలేనంత ఏమీ కాదు. రద్దయి వచ్చిన ఆస్తి ఆ పదిమందికే కాక, బాకీ రుజువు చేసుకున్న అందరికీ దామాషాగా పంచుతారు. ముందు అరిచినవాడికి ముందు అన్న పద్ధతి ఇక్కడ లేదు.

కంపెనీ అయితే దారి వేరు. ప్రైవేట్ లిమిటెడ్‌గా నడిచే రొయ్యల శుద్ధి కర్మాగారమో, రైసు మిల్లో దివాలాకు వెళితే 2016 స్మృతి కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ చూస్తుంది. అక్కడ ఒకరికి పక్షపాతంగా చేసిన చెల్లింపులకూ, తక్కువ విలువకు చేసిన బదిలీలకూ బయటివారైతే ఏడాది, సంబంధీకులైతే రెండేళ్ళు వెనక్కి చూస్తారు. ఋణదాతలను ముంచడానికే చేసిన తక్కువ విలువ లావాదేవీకి ఆ కాలపరిమితి పెట్టలేదు. మాతృసంస్థ అప్పుల కోసం జేపీ ఇన్‌ఫ్రాటెక్ తాకట్టు పెట్టిన 758 ఎకరాల విషయంలో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ఈ సెక్షన్లకు పెద్ద ఉదాహరణ. ఆ తాకట్లు పక్షపాత బదిలీలేనని కోర్టు తేల్చింది.

ఇదంతా చదివి ఐ.పి. పెట్టిన ప్రతి మనిషినీ దొంగగా చూడకండి. ఒక్క రాత్రి జబ్బు తగిలి చెరువంతా తేలిపోయిన రైతును నేను చూశాను. గట్టు మీద కూర్చుని, నీటి అంచున ఎర్రబడి పడి ఉన్న పిల్లలను, అంటే రొయ్య పిల్లలను, చేత్తో ఏరుతున్నాడు. అలాంటి మనిషి కోసమే చట్టం అరెస్టు నుంచి రక్షణ పెట్టింది, బాకీల నుంచి విముక్తి పెట్టింది. రైతు నివసించే ఇల్లు జప్తు కాకుండా మినహాయించింది. మోసం చేసి తెచ్చిన అప్పుకు మాత్రం ఆ విముక్తి వర్తించదు. నిజంగా చితికిపోయినవాడికీ, చితికిపోయినట్టు నటించేవాడికీ మధ్య గీత గీసేవి ఈ రద్దు సెక్షన్లే. ఇవి పనిచేయకపోతే అప్పిచ్చేవాళ్ళు చితికిపోయినవాణ్ణి కూడా నమ్మరు.

అప్పులవాళ్ళ భయంతో ఆస్తిని చుట్టాల పేరిట దాచే ఆలోచన ఉన్నవారికీ ఒక మాట. ఆంధ్ర నుంచి వెళ్ళిన ఒక వివాదంలో 1961లో సుప్రీంకోర్టు ముందు ఈ ప్రశ్నే వచ్చింది. ఋణదాతలను తప్పించడానికి పేరుకు మాత్రమే చేసిన అమ్మకం అది. పేరుకు కొన్నవాడే తర్వాత నిజమైన యజమానిలా స్వాధీనం కోరుతూ దావా వేశాడు. ఇద్దరూ మోసంలో భాగస్వాములే అయినప్పుడు కోర్టు ఎవరికీ చేయూత ఇవ్వదనీ, ఆస్తి ఎక్కడుందో అక్కడే ఉండనిస్తుందనీ కోర్టు చెప్పింది. ఆ కేసులో స్వాధీనం అసలువాళ్ళ దగ్గర ఉంది కాబట్టి వాళ్ళు బతికిపోయారు. స్వాధీనం కూడా బావమరిది చేతిలో పెట్టినవాడికి ఇదే సూత్రం ఉరితాడవుతుంది. ఇచ్చినవాడు తిరిగి అడగడానికి చట్టంలో దారి ఉండదు.

నాన్నగారు పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆ నోటీసు బయటపడింది. మడత దగ్గర చిరిగింది కానీ పిటిషన్ వేసిన తేదీ స్పష్టంగా ఉంది. కుతూహలం ఆపుకోలేక ఆ వ్యాపారి పొలం సర్వే నంబరు మీద పాత ఈసీ తీయించాను. కూతురి పేరిట దానపత్రం రిజిస్టరైంది పిటిషన్‌కు పద్నాలుగు నెలల ముందు. రెండేళ్ళ గడువులో ఇంకా పది నెలలు మిగిలి ఉన్నాయి. ఆ నలభైమందిలో ఒక్కరు కూడా అడగలేదు.